నిద్రలో ఉన్నాయి, కదిలించకండి

పెనుకొండ, మల్బరీ తోట

మేనకోడలు చిరంజీవి ప్రమీలకు మామ జయరాముడు దీవించి రాయునది.

ఇక్కడ పట్టుపురుగులు క్షేమం. హిందూపురంలో నీవూ క్షేమమని తలుస్తాను. మీ అత్త సుశీలమ్మ క్షేమం ధర్మవరంలో ఉన్న ఆమె చెల్లెలికే తెలియాలి. పురుగుల ఇంటి కిటికీకి వల చినిగి ఈగలు దూరుతుంటే చేతికందిన చీర కట్టాను. అది ఆమె పట్టుచీరట. పురుగులిచ్చిన పట్టు పురుగులకే అడ్డం పెడితే తప్పేమిటన్నాను. అక్కడ నోరు మూసుకోవలసింది. "ఆ పురుగుల్తోనే కాపురం జేసుకో" అని బస్సెక్కింది.

అసలు సంగతి అది కాదు. రైతులకు సలహాలు చెప్పే మీ కంపెనీ ఫోన్ నంబరు ఉంది కదా, దాన్ని పట్టుగూళ్ళ ధర అడిగాను. "నిద్రలో ఉన్నాయి. కదిలించకండి. గాలి తగలనివ్వండి. మేలుకున్నాక లేత ఆకు వేయండి" అంది. వాన ఎప్పుడన్నాను. మళ్ళీ అదే. పురుగులు ఆకు మాని, తలెత్తి, కలగంటున్నట్టు నిలిచిపోతాయే, ఆ నిద్రప్పుడు చెప్పవలసిన మాట అది. ధర కూడా కలగంటుందా?

ఉత్తరం మోహన్ ఆటోలో పంపుతున్నాను. నీవూ కాగితం మీదే రాయి. ఫోన్‌లో అక్షరాలు నాకు చీమలబారు.

నీ మేలు కోరే
మామ

తా.క. గూడు కట్టే వేళకు ఒళ్ళు తేటబారి పండిన పురుగును మీ అత్త వెలుతురుకు పట్టి ఒక్క చూపులో చెబుతుంది. నా కళ్ళకు అన్నీ ఒకటే. పురుగులు పండేలోపు ఆమె రాకపోతే పంట లేదు. ఆమె లేకపోతే పంటెందుకన్నది వేరే మాట.

హిందూపురం

మామకు ప్రమీల నమస్కారాలు.

తప్పు నాది. నువ్వు ఏది అడిగినా కంప్యూటర్ లోపల అదొక క్వెరీ అవుతుంది. అంటే, డేటాబేస్‌లో వెతికి ఫలానాది తెమ్మని పంపే చీటీ. అలాంటి చీటీలు మా దగ్గర వందల్లో ఉన్నాయి. పురుగులు నిద్రపోయే వేళ ఆ జాగ్రత్త కూడా చెప్పాలన్నాడు మేనేజరు. ఒక్కొక్కటీ దిద్దే ఓపిక లేక, అన్నిటికీ ఒకేసారి ఒకే మార్పు తగిలించే ప్రోగ్రాం రాశాను. "నిద్రలో ఉన్నవాటిని కూడా చూడు" అనవలసింది, "నిద్రలో ఉన్నవాటినే చూడు" అన్నాను. ఇప్పుడు ఏ చీటీ వెళ్ళినా నిద్రనే మోసుకొస్తోంది.

విచిత్రం, ఒక్క రైతూ ఫిర్యాదు చేయలేదు. నేను దిద్దేలోపు రకరకాలుగా అడిగి చూసి నాకు రాయి.

తలదించుకున్న
ప్రమీల

తా.క. ఆ జవాబును నమ్మొద్దు. అత్తకు ఫోన్ చెయ్యి.

పెనుకొండ

ప్రమీలకు మామ దీవెనలు.

ఉత్తరం చదివాను. లోకంలోని ప్రశ్నలన్నిటికీ సరిపోయే జవాబు ఒకటి కనిపెట్టి, దాన్ని తప్పంటున్నావు. నీకు మొదటినుంచీ వినయం ఎక్కువ.

నీవు చెప్పినట్టే పరీక్షించాను. పక్కింటి ఈరక్క తన కోడలు పొద్దెక్కినా లేవదని అడిగింది. జవాబు విని, "మెల్లగా మాట్లాడప్పా, పాప నిద్దర్లో ఉండాది" అని నన్నే కసిరింది. బోరు మోటారు ఎందుకు ఆడదని అడిగిన బాలాజి, దాన్ని తన్నడం మానేసి దాని పక్కనే కునుకు తీస్తున్నాడు. మధ్యాహ్నాలు మబ్బునీడ వీధి దాటడం కూడా వినిపించేటట్టుంది. మా పురుగులు మేలుకొని ఆకు తింటుంటే, ఆ చప్పుడు వాన అనుకొని రెండుసార్లు ఆరేసిన బట్టలు తీశాను.

చివరికి నేనూ అడిగాను, సుశీలమ్మ మనసు ఎట్లుందని. నిద్రలో ఉందంది. అందుకే ఫోన్ చేయలేదు. గాలి తగలనిస్తున్నాను.

ఓపికగా ఉన్న
మామ

తా.క. మీ అత్త విషయంలో లేత ఆకు అంటే కొత్త చీరేనా, ఇంకేదైనా చవకది ఉందా? కంప్యూటర్‌ను అడిగి చెప్పు.

హిందూపురం

మామకు నమస్కారం, కోపంతో.

ప్రోగ్రాం దిద్దాను. పాత ప్రశ్నలన్నీ మళ్ళీ ఒకేసారి పంపి సరిచూస్తుంటే, ధర్మవరం నుంచి రోజూ వచ్చిన ప్రశ్న ఒకటి దొరికింది. "ఆ మనిషి నన్ను పిలుస్తాడా, ల్యాదా?" నంబరు అత్తది. నిద్రలో ఉన్నాయి, కదిలించకండి అని రోజూ చెప్పింది మా మిషను. నువ్వు లేస్తావని ఆమె, ఆమె లేస్తుందని నువ్వు. పురుగులు పండేలోపు బస్సెక్కు.

నీ కోడలు పిల్ల
ప్రమీల

తా.క. ఒకరి ప్రశ్న ఇంకొకరికి చెప్పకూడదు. చదివి చించెయ్యి.

తా.క. ఇప్పుడు ఫిర్యాదులు మొదలయ్యాయి. గూళ్ళ ధర ఉన్నదున్నట్టు చెబుతోందట.

పెనుకొండ

ప్రమీలకు మామ, అత్త దీవించి రాయునది.

బస్సెక్కాను. లేత ఆకు అంటే ఏమిటో నీవు రాయలేదు కాబట్టి మల్బరీ చిగుళ్ళే ఒక గుప్పెడు తువ్వాలులో కట్టుకుపోయాను. మీ అత్త చెల్లెలి ఇంటి అరుగు మీద సంచి సర్దుకొని కూర్చుని ఉంది. "మేలుకుంటివా?" అంది. తువ్వాలు విప్పాను. చాలాసేపు నవ్వింది.

తిరుగు బస్సులో మిషను తప్పు సంగతి చెప్పబోయాను. అది అందరికీ అదే చెబుతోందని మొదటి రోజే తెలుసట. మరి రోజూ ఎందుకడిగావంటే, కిటికీ వైపు తిరిగి అంది:

"నిద్దర్లో ఉండాడని ఎవురన్నా చెబితే బాగుంటాదని అడిగినా. ల్యాకుంటే మర్సిపోయినాడని అనుకోవల్ల గదా."

నేనూ అంతేనని చెప్పేలోపే నా భుజం మీద తల వాల్చింది.

పురుగులు పండాయి. గూళ్ళు కట్టుకుంటున్నాయి.

నీకు రుణపడ్డ
మామ

తా.క. ఉత్తరం చించేశాను, ఆమెకు చూపించాకే.

తా.క. చీర కిటికీకే ఉండనిమ్మంది. ఎండ దానిగుండా ఎర్రగా పడుతుంటే పండిన పురుగు నాకూ కనిపిస్తోంది. నిజంగా కనిపిస్తోందో, నా కలో మీ అత్తను అడగాలి. ఆ వెలుగులోనే చాప మీద నిద్రపోతోంది. కదిలించను.