మొదటి పది పేజీలు

జూన్ 9

నవల తిరిగొచ్చింది. పబ్లిషర్ రెండు వాక్యాలు రాశాడు — "మేడం, భాష బాగుంది. మొదటి పది పేజీల్లో భయం లేదు." జూలై మొదటి వారంలోగా తిరగరాస్తే మళ్ళీ చూస్తాడట.

ఇరవై ఏళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పిల్లల వ్యాసాలకు ఎర్ర ఇంకుతో మార్కులు వేస్తున్నాను. చివరికి నేనే ఫెయిల్. అన్నం సయించలేదు. అసలు థ్రిల్లర్ రాయమని నన్నెవరు బతిమాలారు?

జూన్ 11

మా సెంటర్ కింది అంతస్తులో పెళ్ళి వీడియోల స్టూడియో ఉంది. అక్కడ ఎడిటింగ్ చేసే స్వరూపకు ఆ పేజీలు ఇచ్చాను. నాలుగేళ్ళ లంచ్ బాక్సు స్నేహం మాది. నా పులిహోర ఆమెకు, ఆమె సర్వపిండి నాకు. చదివి మూతి విరిచింది.

"అన్నీ ముందుగాల్నే చెప్పేసినవేంది అక్కా? వాడొస్తున్నడు, చేతిల కత్తి ఉంది, చెడ్డోడు… ఇగ భయమెందుకైతది?"

కంప్యూటర్ ముందు కూచోబెట్టింది. ఎవరిదో పెళ్ళి. పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ మధ్య అడ్డుతెర. తెర ఇవతల పిల్ల వేళ్ళు, జీలకర్ర బెల్లం… వేళ్ళు వణుకుతున్నాయి. ముఖం చూపించదు. స్వరూప ఆ షాట్‌ని కొయ్యకుండా అలాగే ఉంచింది.

"ముఖం ఎప్పుడు కనవడ్తదా అని చూస్తున్నవా లేదా?"

చూస్తున్నాను. సిగ్గు లేకుండా మెడ చాచి మరీ.

"గా తెర తియ్యకముందే అక్కా అసలు మజా. నువ్వు మొదటి లైన్లనే తెర తీసేసినవు."

జూన్ 12

స్వరూప చెప్పినవి మర్చిపోకముందే రాసుకుంటున్నాను. చప్పుడు ముందు, మనిషి తర్వాత. ముఖం కంటే చెయ్యి. మరీ దగ్గరి షాట్‌తో మొదలుపెడితే గది ఎంతుందో, ఇంకెవరున్నారో తెలియదు, చూసేవాడికి ఊపిరాడదు. కొయ్యాలనిపించిన చోట కొయ్యకుండా ఇంకో రెండు సెకన్లు ఓపిక పట్టాలి, అదే కష్టం అంటుంది. వాక్యంలో రెండు సెకన్లు ఎక్కడ దాచాలి? పొద్దుటి నుంచి అదే ఆలోచన.

జూన్ 16

ఈరోజు స్వరూప ఒక సీన్ చెప్పింది. నేను అడగలేదు. తనే డబ్బా మూత పెట్టేసి మొదలుపెట్టింది.

"ఒకామె వంటింట్ల ఉంటది. మిక్సీ నడుస్తుంటది. సందుల బండి చప్పుడైతది. ఆమె మిక్సీ బంద్ చేస్తది. గేటు గడియ తీసిన చప్పుడు. ఇగ అక్కడి నుంచి చెవులు పెట్టి ఇంటుంటది. గేటు పక్కన నల్లా ఉంటది. ఆయన నల్లా ఇప్పి కాళ్ళు కడుక్కున్నడంటే ఆ దినం మంచిగనే గడుస్తది. కడుక్కోకుండ సీదా లోపటికొస్తే…"

"వస్తే?"

"గంతే అక్కా. నల్లా చప్పుడు వస్తదా, రాదా."

ఒళ్ళు జలదరించింది నాకు. కత్తి లేదు, నెత్తురు లేదు, నల్లా! పదికి తొమ్మిది అన్నాను. గేటుకీ నల్లాకీ మధ్య ఇంకొంచెం సాగదియ్యి అన్నాను. ఇంట్లో ఒక పాపను కూడా పెడదాం, భయం రెట్టింపవుతుంది అన్నాను.

"పిల్లను పెట్టకు." ఠక్కున అంది. తర్వాత నవ్వింది. "ఎక్కువైతది అక్కా."

ఎక్కడ ఆపాలో ఈ పిల్లకు ఎంత బాగా తెలుసు!

జూన్ 17

రాస్తున్నాను. పాపను పెట్టాను. పెడితేనే బాగుంది.

జూన్ 20

అయిపోయింది. పదో పేజీ చివర ఆమె చనిపోతుంది. శవం లేకపోతే పోలీసు ఎందుకొస్తాడు, కథ ఎలా కదులుతుంది? ఆమెకు పేరు పెట్టలేదు. పది పేజీల మనిషికి పేరెందుకులే అనుకున్నాను.

జూన్ 23

పొద్దున్న పంపాను, సాయంత్రానికల్లా జవాబు. "మేడం, ఆ నల్లా! ఎలా తట్టింది మీకు?"

"అలా తట్టిందండీ" అని రాశాను.

స్వరూప పేరు రాయాల్సింది. ముందు పేజీలో కృతజ్ఞతలు చెబుతాను కదా అని సర్దిచెప్పుకున్నాను.

జూన్ 25

స్వరూప రెండు రోజులుగా పనికి రావడం లేదు. జ్వరమట. రేపు స్వీట్లు, ప్రింటు తీసుకుని నాగోల్ వెళ్తాను. వాళ్ళింటికి ఇదే మొదటిసారి.

జూన్ 26

ఎల్బీనగర్ దాకా మెట్రో, అక్కడి నుంచి ఆటో. పన్నెండున్నరకు చేరాను.

జ్వరం లేదు. ఎడమ చెయ్యి కదపడం లేదు. "బాత్రూంల జారిన" అంది, చూపు ఎటో పెట్టి. నన్ను వంటింట్లోనే పీట మీద కూచోబెట్టి, ఒంటిచేత్తో మిక్సీలో కొబ్బరి చట్నీ వేస్తోంది. వాళ్ళమ్మాయి చిన్ని కింద కూచుని బొమ్మకు రంగులు వేస్తోంది. ఒకటో తరగతి, ఈరోజు బడికి పంపలేదట; పక్కనే స్కూలు పేరున్న బ్యాగు.

సందులో బండి చప్పుడు.

స్వరూప మిక్సీ ఆపేసింది. చిన్ని చేతిలో క్రేయాన్ ఆగిపోయింది. గేటు గడియ. ఇద్దరూ ఒకేవైపు తలలు తిప్పారు.

ఏం వినాలో నాకు తెలుసు. నేనే రాశాను కదా. నేనూ చెవులు రిక్కించాను… ఎంతసేపో.

నీళ్ళు. కాళ్ళ మీద నీళ్ళు పడుతున్న చప్పుడు.

చిన్ని మళ్ళీ రంగులు వేసుకుంటోంది. స్వరూప మిక్సీ వేసింది. నా వైపు చూడలేదు.

ఆయన లోపలికొచ్చాడు. "నమస్తే మేడం! మీ గురించి చెప్తనే ఉంటది. చాయ్ తాగిన్రా?" చాలా మర్యాదస్తుడు. టీ తాగాను. బాగుందని కూడా అన్నాను. ప్రింటు బ్యాగులోనే ఉంచుకున్నాను. కాసేపు కూచుని లేచి వచ్చేశాను.

ఆ ఇద్దర్నీ అక్కడ వదిలి వచ్చేశాను. రాయడానికి సిగ్గేస్తోంది.

జూన్ 27

అది సీన్ కాదు. నాతో చెప్పుకుంది. నేను సాగదియ్యమన్నాను.

జూన్ 30

వచ్చింది. స్టూడియో వెనక మెట్ల మీద కూచున్నాం. ఎందుకు చెప్పలేదు అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న!

"చెప్పిన గద అక్కా."

తనే మళ్ళీ అంది — "మొత్తం చెప్దామనే మొదలువెట్టిన. నువ్వు తొమ్మిది మార్కులేసినవు. పోనీలే, సీనే అనుకుందామనిపించింది. ఆ ఒక్క దినం మనసు జర అల్కగుండె."

పేజీలు అడిగింది. వద్దన్నాను. బ్యాగులోంచి తనే తీసుకుంది. నిలబడి చదివింది. పాప వచ్చిన చోట ఆగింది, నన్ను ఒకసారి చూసింది, మళ్ళీ చదివింది. చివరి కాగితం అయ్యాక వెనక్కి తిప్పి చూసింది, అక్కడ ఇంకేమన్నా రాసి ఉందేమో అన్నట్టు.

"పదో పేజీలనే సంపినవా అక్కా?"

గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టే హక్కు పూర్తిగా ఉంది.

జూలై 1

నవల వెనక్కి తీసుకుంటున్నానని పబ్లిషర్‌కి చెప్పాను. "అంత మంచి ఓపెనింగ్, ఎందుకు మేడం?" అన్నాడు. నాది కాదు అన్నాను. కాపీ కొట్టాననుకున్నాడు పాపం, ఇబ్బందిగా ఫోన్ పెట్టేశాడు. అనుకోనీ. కొట్టినట్టే కదా.

ఇదేదో త్యాగం అని మురిసిపోకూడదు నేను. చేయాల్సిన పని జూన్ 16నే చేసి ఉండాల్సింది. డబ్బా మూత పెట్టి చెప్పడం మొదలుపెట్టినప్పుడు, ఆ ఒకామె ఎవరు అని ఒక్క మాట అడగాల్సింది.

జూలై 3

"వనస్థలిపురంలో నేనొక్కదాన్నే ఉంటాను, ఒక గది ఖాళీ. నువ్వూ చిన్నీ వచ్చేయండి" అన్నాను.

"మా అన్నలకు చెప్పిన. ఆయనతోనే సర్దుకొమ్మన్నరు" అంది. పోలీస్ స్టేషన్‌కి నేనూ తోడు వస్తానన్నాను. "నేను చెప్పినప్పుడు రా అక్కా. నీయంతట నువ్వు ఫోన్ చెయ్యకు. ఆయన చూస్తడు."

సలహాలివ్వలేదు ఈసారి. నోరు మూసుకుని విన్నాను. లంచ్ గంట దాటిపోయింది, క్లాసుకు అరగంట ఆలస్యంగా వెళ్ళాను.

జూలై 5

గది ఖాళీ చేశాను. పాత జవాబు పత్రాల కట్టలు కాగితాలవాడికి వేసేశాను. మంచం చిన్నదే, ఇద్దరికీ సరిపోతుందేమో. కిటికీకి తెర లేదు. కొనాలి.

జూలై 7

సాయంత్రం స్వరూప దగ్గర్నుంచి మెసేజ్. "మీ ఇంటికాడికెంచి చిన్ని స్కూలుకు బస్సు దొరుకుతదా అక్కా?"

పదిసార్లు చదివాను.

జూలై 8

పొద్దున్నే బస్టాపులో అడిగాను. సీదా బస్సు లేదు, ఎల్బీనగర్‌లో మారాలి. ఎందుకైనా మంచిదని నేనే ఎక్కాను. మారాను, నాగోల్లో దిగాను, స్కూలు దాకా నడిచాను. మొత్తం యాభై నిమిషాలు. "దొరుకుతుంది. రోజూ నేనే దింపుతాను" అని పంపాను.

చూసింది. జవాబు లేదు. మధ్యాహ్నం స్టూడియోలో కుర్చీ ఖాళీ. క్లాసులో ఏం చెప్పానో నాకే తెలియదు.

జూలై 9

ఈరోజూ రాలేదు. స్టూడియోవాళ్ళకు కూడా చెప్పలేదట. ఫోన్ చెయ్యొద్దంది. వెళ్ళొద్దని మాత్రం అనలేదు… అలా అర్థం చేసుకోవచ్చా? ఆయన ఉంటే ఏమని చెప్పాలి? నేను వెళ్ళడం వల్లే ఇంకేమైనా జరిగితే?

సెలవు పెట్టాను. నాగోల్ వెళ్ళే ఆటోలో రాస్తున్నాను, అక్షరాలు కుదరడం లేదు. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఆగాం. పొద్దున్న మూడు ప్లేట్లకు సరిపడా ఉప్మా చేసి పెట్టి వచ్చాను. చిన్ని ఉప్మా తింటుందో లేదో తెలియదు. నాలుగేళ్ళలో ఆ పిల్ల గురించి నేను ఒక్క మాట కూడా అడగలేదు.