అమ్మ ఫోన్‌లో నీ గొంతు

చెల్లీ,

డిపోలో ఆడ డ్రైవర్లకు మరుగుదొడ్లు కట్టిస్తానని ఆన్‌లైన్ మీటింగులో నీకు మాటిచ్చిన మీ బస్సు సంస్థ చైర్మన్, మీటింగు వీడియోలో ఆ ముక్క కత్తిరించి "నేనెప్పుడన్నాను?" అంటున్నాడా? మరుగుదొడ్డి లేదని దాహం చంపుకుని బస్సు నడిపేవాళ్లతోనా ఈ నాటకాలు!

ఆ రోజు ఇంట్లో నేనూ అమ్మా ఆ మీటింగు చూస్తుంటే, నేను కంప్యూటర్‌లో స్క్రీన్ రికార్డింగ్ పెట్టాను. బొమ్మ అద్దంలా వచ్చింది, శబ్దమే రాలేదు. సౌండ్ విడిగా ఆన్ చేయాలట. లోకానికంతా నీతులు చెప్పే మీ అన్న తెలివి అదీ.

అమ్మ మాత్రం కూతురు కనబడుతోందని తన ఫోన్‌ను మందుల డబ్బాకు ఆనించి, తెర ముందు పెట్టి వీడియో తీసుకుంది. అందులో అన్నీ ఉన్నాయి. అంతమంది పెద్దల ముందు తడబడకుండా నిలదీశావే, ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తోంది. మధ్యలో నా తిట్లూ పడ్డాయనుకో. "నోర్మూయరా, పిల్ల మాట్లాడుతోంది!" అని అమ్మ కసిరింది. ఆ వెంటనే చైర్మన్, "సరేనమ్మా, ఈ ఏడాదే కట్టిస్తాను" అన్నాడు.

వీడియో పంపుతున్నాను. యూనియన్ వాళ్లు అమ్మ గొంతు తీసేద్దామంటే ఒప్పుకోకు. అందరి ముందూ ఉన్నదున్నట్టు వెయ్యి. తాను మాటిచ్చింది ఎవరి బిడ్డకో ఆయన కూడా వినాలి.

మీ అన్న