మనోబలం ఎక్కువైన నేరానికి

పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కళాశాల రెండో సంవత్సరం చదువుతున్న, చూపు లేని నా మనవరాలికి పరీక్షలో జవాబులు రాసిపెట్టే సహాయకురాలిని, అదనపు గంటను, "సంతోషముగా ఉన్నది" అన్న కారణముపై రద్దు చేయుట – తిరిగి మంజూరు కోరుట – గురించి.

1. గత నెల తమ కార్యాలయం వారు వైకల్యం గల విద్యార్థులందరికీ మానసిక బలాల సర్వే జరిపినారు. ప్రశ్నలు నలభై. చూపు లేని పిల్ల చేతికి అచ్చు కాగితం ఇచ్చి "నింపమ్మా" అన్న గుమాస్తా గారి మనోబలానికి ముందుగా నా జోహార్లు. చివరికి ఆయనే చదివి, ఆయనే టిక్కులు పెట్టినారట.

"కష్టం వస్తే కుంగిపోతావా?"

"లేదండీ."

"రేపటి మీద ఆశ ఉందా?"

"ఉందండీ, రేపు ఆదివారం."

"నవ్వు వస్తూ ఉంటుందా?"

"ఇప్పుడే వస్తోందండీ."

నూటికి తొంభై ఆరు. కళాశాలకే ప్రథమం.

2. మరుసటి వారమే ఉత్తర్వు వచ్చినది: "సదరు విద్యార్థినికి మనోబలం అత్యధికముగా ఉన్నందున సహాయం అనవసరమని తీర్మానించడమైనది." అయ్యా, మనోబలంతో అక్షరాలు కనబడవు. అనుమానముంటే తమరు గుండె నిబ్బరం చేసుకొని, కళ్లజోడు తీసి, ఈ అర్జీ చదివి చూడండి. పిల్ల నిశ్చింతగా ఉన్నది సహాయం అక్కర్లేక కాదు, రాసిపెట్టే అమ్మాయి పరీక్ష పరీక్షకూ వేళకు వస్తున్నది గనుక. తడవలేదు కదా అని వానలో గొడుగు లాక్కునే తెలివి తమ కార్యాలయానికే చెల్లినది.

3. నేను స్వయంగా వచ్చితిని. గుమాస్తా గారు కుర్చీ చూపించలేదు గాని, దారి చూపించినారు.

"మామ్మగారూ, గోలెందుకు? ఇంకో ఫారం ఇస్తా. అన్నిటికీ 'బతుకు మీద విరక్తి' అని పెట్టించండి. సాయంత్రానికల్లా ఉత్తర్వు మారిపోతుంది."

"అబద్ధం రాయమంటావా, నాయనా?"

"అబద్ధమేముందండీ? కళ్లు లేవు కదా, ఏడుపు ఉండదా?"

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని. ఇంత మొద్దు జవాబు ఏ వెనక బెంచీ నుంచీ వినలేదు.

4. పరీక్ష ఈ పధ్నాలుగున. ఈ లోపల పాత ఉత్తర్వు పునరుద్ధరించ ప్రార్థన. ఏడ్చేవాళ్లకే సహాయమన్నది తమ నియమమైతే, దాన్ని గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. పిల్లలు సాధన చేసుకొని వస్తారు.

తీరిక చూసుకొని కాక, తేదీ చూసుకొని చిత్తగించవలెను.

విధేయతలో అత్తెసరు మార్కులతో,
విద్యార్థిని అమ్మమ్మ

తా.క.: ఒకటి దాచాను. ఆ ఏడుపు ఫారం నేను ఇంటికి తెచ్చాను. "పోనీలేవే, కాగితం మీద ఒక్కసారి ఏడిస్తే ఏం పోయింది?" అని సిగ్గు విడిచి బతిమాలాను కూడా.

"నేను బాగున్నాను అమ్మమ్మా. ఊరికే బాగుపడలేదు, ఎంత కష్టపడ్డానో నీకు తెలుసు. లేదని రాయను."

"మరి పధ్నాలుగున ఏం చేస్తావే?"

"వెళ్లి కూర్చుంటా. రాసేవాళ్లు లేకపోతే జవాబులన్నీ పైకి చెప్పేస్తా."

అన్నదంటే చేస్తుంది. గొంతు నా పోలికే, వీధి చివరికి వినబడుతుంది. క్లాసులో మొదటి మార్కు దానిదే. ఆ రోజు హాల్లో తక్కిన అరవై మందీ ఏం రాస్తారో తమరే ఆలోచించుకోండి.