నా చెవిలో నువ్వు చెప్పిన మంత్రం

చిన్నీ,

ఈరోజు నీ సంవత్సరికం. ఉప్పల్ నుంచి పంతులుగారు మన నాచారం ఇంటికి వచ్చారు. నీ ఫొటో దగ్గరున్న జపమాల చూశారు.

"ఇది ఎవరిదమ్మా?"

"మా బిడ్డది సామీ. దవాఖానల ఫోన్ల ఇని మంత్రం నేర్సుకుంది. ఇప్పుడు నేను జేస్తున్న."

"ఫోన్ గురువైతదా? ఉపదేశం లేకుండ గసొంటి మంత్రం పట్టొద్దమ్మా, కీడు జేస్తది."

ఆయన వెళ్లినప్పటి నుంచి ఒకటే గుబులు. ఆ మంత్రమే నిన్ను తీసుకుపోయిందా? నువ్వు అలసిపోయినా "ఇంకొక్క మాల జెయ్యి బిడ్డా, నయమైతది" అన్నది నేనే కదా.

మాల తీసి బీరువాలో పెట్టేశాను. నోరు మాత్రం మంత్రం అనడం ఆపలేదు. ఆఖరి రోజు ఆయాసపడుతూ, "నాతోని అయితలేదమ్మా, ఇగ నువ్వు అను" అని నా చెవిలో మంత్రం చెప్పావు. ఉపదేశమంటే గురువు చెవిలో చెప్పడమేనట. నాకు చెప్పడానికి నువ్వున్నావు. నీకు చెప్పేవాళ్లను నేను వెతకనేలేదు.

మేడ మీద విస్తరిలో అన్నం, పచ్చిపులుసు పెట్టాను. దవాఖానాలో నీకు ఉప్పు వద్దన్నారు కదా, ఈరోజు సరిపడా వేశాను. కడుపు నిండా తిను బిడ్డా.