వంతెనలు కూల్చే ముఠా

కరీమ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తెనాలిలో మీ నాన్న టైలరింగ్ షాపు మేడ మీద పాచికలేస్తూ వీరుల కథ అల్లుకునే మన ఆట మళ్ళీ మొదలుపెట్టాం. జ్యోతి రేపల్లె నుంచి, నేను బాపట్ల నుంచి ఎప్పటిలాగే రైల్లో వచ్చాం. మీ చెల్లి షాహీన్ నీ పాచికలు తెచ్చింది. నీకు బదులు కథ నడపమని నన్ను నీ కుర్చీలో కూర్చోబెట్టారు.

నీ కథలోని దుర్మార్గులతో ఎంత విసిగించావురా! ఆ నల్లముసుగుల ముఠా ఊళ్ళు దోచుకోదు, సింహాసనం అడగదు. మా వీరులు గెలిచి ఇంటిదారి పట్టేసరికి వంతెన కూల్చేస్తుంది. మళ్ళీ ఆదివారానికి కథ మిగిలిపోతుంది. "ఊరికే అల్లరి కోసం కూలుస్తారేంట్రా?" అని మేం తిట్టుకుంటే, "వాళ్ళనే అడగండి" అని నవ్వేవాడివి. మేమెప్పుడూ అడగలేదు, కత్తులే దూశాం.

ఇవాళ ఆ ముఠా నాయకుడు జ్యోతి చేతికి చిక్కాడు. ఒక్క పాచిక పడితే చచ్చేవాడే. తను పాచిక వెయ్యకుండా బల్ల మీద పెట్టేసి, "అసలు నీకేం కావాలి?" అని అడిగింది.

ఆ జవాబు నువ్వు ఎవరికీ చెప్పలేదు. నాయకుడి తరఫున నేనే ఏదో ఒకటి అనాలి.

"మీరు ఇళ్ళకెళ్ళిపోతే మళ్ళీ రారేమోనని" అన్నాను.

కింద మీ నాన్న కుట్టుమిషన్ చప్పుడొక్కటే వినిపించింది. షాహీన్ పాచికలు డబ్బాలో వేసి మూత పెట్టింది.

"అయితే ఈసారి కూడా కూల్చెయ్ అన్నా" అంది.

కూల్చేశానురా. మళ్ళీ ఆదివారానికి కథ మిగిలింది.