పన్ను మీద పన్ను

మార్చి 3
నా దస్తూరీ కోడి గెలికినట్టుంటుంది. బడికి వెళ్ళింది కొన్నాళ్ళే. ఒత్తులూ దీర్ఘాలూ తప్పులు పోతాయి. ఎవరైనా చదివితే మన్నించాలి. నోటితో చెప్పలేనివి ఇందులో రాసుకుంటాను.

పొద్దున మా ఆవిడ, ఏమండీ, క్లిప్పులు కావాలి, ఎన్నాళ్ళనుంచో అడుగుదామనుకుంటున్నా, అంది. బజారుకెళ్ళి నల్లవి ఒక అట్ట తెచ్చాను. చూసి పడీ పడీ నవ్వింది. తలకి కాదు మహానుభావా, పళ్ళకి! అంది. నవ్వుతూనే అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మార్చి 4
ఆవిడకి పై వరసలో ఎడంపక్క పన్ను మీద పన్ను. మొదటిసారి నా సైకిలు షాపుకి పంక్చరు వేయించుకోవడానికి వచ్చింది. కంగారులో నీళ్ళ తొట్టి నా మీదే ఒంపుకున్నాను. నవ్వింది. చెయ్యి అడ్డం వచ్చేలోపు ఆ పన్ను కనిపించింది. అంతే, అయిపోయాను.

దానికోసమే ఇప్పటికీ ఆవిణ్ణి నవ్వించాలని చూస్తాను. నాకు హాస్యం రాదు. అందుకని ఎక్కువ కనిపించదు.

మార్చి 9
పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. చిగుళ్ళు గట్టిగా ఉన్నాయి, ఈ వయసులోనూ పెట్టొచ్చు అంది. అద్దాల పెట్టెలో పాతకాలంనాటి రకాల నుంచీ చూపించింది. మొదట్లో ప్రతి పన్నుకీ చుట్టూ స్టీలు పట్టీ, పీపాకి బిగించినట్టు. తర్వాత పట్టీ పోయి, పన్ను ముందువైపు అంటించే చిన్న బ్రాకెట్ వచ్చింది. దానికో గాడి, గాడిలో తీగ, తీగ జారకుండా రబ్బరు రింగు. ఇప్పుడు కొన్నిటికి రింగూ అక్కర్లేదు. బ్రాకెట్‌కే బుల్లి తలుపు. పన్ను రంగులోనూ ఉన్నాయి. స్పోకులు బిగించి రిమ్ము వంపు తీసినట్టు, తీగ పళ్ళని మెల్లిగా వరసలోకి లాగుతుందట.

మా ఆవిడ ఆ స్టీలు పట్టీలు చూసి, చిన్నప్పుడు ఇవి పెడతామంటే, పిల్ల నోటికి కళ్ళెం వేస్తారా అని మా అమ్మ నన్ను లాక్కొచ్చేసింది, అంది. అప్పటినుంచీ ఆశట. చెయ్యి అడ్డం లేకుండా ఒక్క ఫొటో దిగాలట.

పాపం ఈయన మంచాయన, ఇన్నేళ్ళలో నా పన్ను గురించి ఒక్క మాట అనలేదు, అని కూడా డాక్టరమ్మతో చెప్పింది.

నిజమే. మంచి మాటైనా అనలేదు.

మార్చి 10
భోజనాల దగ్గర చెబుదామని గొంతు సవరించుకున్నాను. ఉప్పు ఇలా ఇవ్వు, అన్నాను.

మార్చి 14
క్లిప్పులు అంటించే రోజు. కుర్చీలో పడుకోబెట్టి, పెదాలు తెరుచుకునుండేలా నోట్లో ప్లాస్టిక్ చట్రం పెట్టారు. డాక్టరమ్మ బ్రాకెట్‌ని చిన్న పట్టకారుతో పట్టుకుని తిన్నగా ఆ పన్ను దగ్గరికే వెళ్ళింది.

అమ్మా, ఆగు, ఆ పన్నంటే నాకిష్టం, అనేశాను.

చెవులు కాలిపోయాయి. డాక్టరమ్మ, బాగుంది బాబాయ్ గారూ, జిగురు రాశాక చెబుతారా, అంది. మా ఆవిడ తల తిప్పి నన్నే చూసింది. ఏదో అనబోయింది. చట్రం వల్ల ఒక్క అక్షరం పలకలేదు. వేలితో కింది వరస చూపించింది, ముందు అది కానిమ్మని. పై వరస వచ్చే గురువారం.

మార్చి 15
నోరంతా నొప్పిట. మాట్లాడలేనని సైగ చేసి పడుకుంది.

ఇదిగో, ఈ పుస్తకం నీ కళ్ళజోడు కింద పెడుతున్నాను. నీ ఇష్టమే నా ఇష్టం. నాకోసం మొహమాటపడకు. పలకలేకపోతే ఈ కిందే రాయి. కాస్త త్వరగా.