అత్తగారి వాచీ, నా తపస్కాలం

ఫిబ్రవరి 18, విభూది బుధవారం

నుదుట బూడిద. మనసులో తీర్మానం!

ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్కాలంలో అందరూ ఏదో ఒకటి మానేస్తారు. నాకు మాంసం మీద మోజు లేదు, సిగరెట్టు లేదు, మాటలు ముందే తక్కువ. ఏం మానాలో తోచక మా ఆవిడ అమలను అడిగాను.

"స్క్రూడ్రైవర్ మానేయండి," అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎన్నాళ్లుగా దాచుకున్న జవాబో!

నేను ఏ కోర్సూ చదవలేదు. విప్పి చూసి నేర్చుకున్నాను. ఇంతవరకు విప్పినవాటిలో కొన్ని: మిక్సీ, టేబుల్ ఫ్యాను, కాలింగ్ బెల్లు. వాటిలో పనిచేస్తున్నది: కాలింగ్ బెల్లు. ఎవరూ నొక్కకపోయినా పనిచేస్తుంది.

పోయిన వారం అత్తగారి వాచీ ఆగింది. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్నప్పుడు, స్విట్జర్లాండ్ తిరిగి వెళ్లిపోతూ ఓ డాక్టరమ్మ తన చేతిది తీసి ఇచ్చిన బంగారు వాచీ. ఇప్పుడది లక్షలు పలుకుతుందని మా అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది. అత్తగారికి ఆ లక్షలతో పనిలేదు. రోజూ పొద్దున్నే మంచం మీద కూర్చుని, దాని సెకన్ల ముల్లు చూస్తూ తన నాడి లెక్కపెట్టుకుంటారు. గుండె సరిగ్గా కొట్టుకుంటోందని తేలాకే కాఫీ. గోడ గడియారం ముల్లు ఆవిడకి ఆనదు. ఫోన్‌ను నమ్మరు.

తీర్మానం: ఈస్టర్ దాకా స్క్రూడ్రైవర్ ముట్టను. వాచీని, దాన్ని తయారుచేసిన కంపెనీకే పంపిస్తాను.

నా పనిముట్ల డబ్బాను అమల బియ్యం డ్రమ్ములో పాతిపెట్టింది. ప్రాణం తేలిగ్గా ఉంది!

ఫిబ్రవరి 19, గురువారం

ముంబై సర్వీసు సెంటరుకి ఫోన్ చేశాను. నా ఇంగ్లీషు రేడియో రిపేరు పుస్తకాల్లోంచి వచ్చింది. 'వోల్టేజీ' లేకుండా వాక్యం పూర్తికాదు. అందుకని ముందే కాగితం మీద రాసుకుని చదివేశాను. అవతలి అమ్మాయి ఓపికగా విన్నది. అంత పాత మోడల్ ఇక్కడ కుదరదట, స్విట్జర్లాండ్ ఫ్యాక్టరీకే వెళ్లాలట. ఎనిమిది నెలలు పట్టొచ్చట.

"ఈలోగా బయటివాళ్లెవరూ తెరవకూడదు సార్," అని కూడా అంది.

ఆ అమ్మాయికి అమల ముందే ఫోన్ చేసిందా?

ఫిబ్రవరి 22, ఆదివారం

అత్తగారికి విషయం చెప్పాను.

"ఎనిమిది నెలలా! కడుపులో బిడ్డయినా తొమ్మిదికి బయటపడతాడు గదండీ."

"అసలు కంపెనీ అండీ. పద్ధతిగా చేస్తారు."

"చేస్తార్లే బాబూ. నాకు ఎనభై మూడు. అది తిరిగొచ్చేసరికి నేనుండద్దూ?"

ఎవరూ మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం ఎలాగూ లెక్కలోకి రాదు.

అమల బీపీ మిషన్ తెచ్చింది. అత్తగారు చేతిని వెనక్కి లాక్కున్నారు.

"అదొద్దే తల్లీ. అల్లుడుగారు బాగుచేసిన కాడ్నించి అందరికీ ఒకటే చెప్తంది. మొన్న దిండుకి చుట్టి చూశా. దిండుకీ నా బీపీయే."

ఫిబ్రవరి 26, గురువారం

కంపెనీ నుంచి మెయిలు. వాచీ లోపల మిషన్ మీద ఒక నంబరు ఉంటుందట, అది కావాలట. లేదా పాత గ్యారంటీ కార్డు. కార్డు ఉంటే ఆ డాక్టరమ్మ దగ్గరే ఉండాలి.

తెరవద్దన్నదీ వాళ్లే. లోపలి నంబరు అడిగిందీ వాళ్లే. మళ్లీ ఫోన్ చేసి అడగొచ్చు. కానీ మళ్లీ మాట్లాడాలి!

వెనక మూత చాకుతో వస్తుంది. డైరీ తిరగేసి చూశాను. తీర్మానంలో చాకు ఊసే లేదు.

మూత తీశాను. లోపల దానిమ్మ గింజల్లా ఎర్ర రాళ్లు. వెంట్రుక కంటే సన్నటి స్ప్రింగు. కాసేపు ఊపిరి బిగబట్టి చూశాను. నంబరు ఫోటో తీసి పంపాను. వెనక నుంచి అత్తగారి గొంతు.

"తీశారుగా. ఊరికే మూసేస్తారా ఏంటి?"

"నంబరు కోసమండీ, అంతే."

"వద్దని నెత్తీనోరూ బాదుకున్నా ఈ ఇంట్లో అన్నీ విప్పారు. నోరు తెరిచి అడిగితే మాత్రం విప్పరు!"

మూసేశాను. గెలిచినట్టే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 28, శనివారం

ఇన్నాళ్లూ నాడి చూడకుండానే సర్దుకున్న అత్తగారు ఈ రోజు కాఫీ తాగలేదు. నిన్న కూడా తాగలేదట.

మార్చి 1, ఆదివారం

అమల చర్చిలో పూజకు వెళ్లింది. నాకు జలుబు (లేదు). అత్తగారికి మోకాళ్ల నొప్పులు (ఉన్నాయి). ఆవిడ జపమాల పట్టుకుని కిటికీ దగ్గర కాపలా కూర్చున్నారు.

గుండుసూది, భూతద్దం, కుట్టుమిషన్ నూనె. వీటిలో ఏదీ స్క్రూడ్రైవర్ కాదు. సూది మొనతో ఒక్క చుక్క. కొంచెం జారి సన్న స్ప్రింగు మీద కూడా పడింది. నూనె ఎక్కువైతే మంచిదే కదా!

తిరిగింది!!

అత్తగారు ముల్లు చూస్తూ మణికట్టు పట్టుకున్నారు. పెదవులు కదిలాయి.

"ఉన్నాన్లెండి," అన్నారు. రెండు గ్లాసుల కాఫీ తాగారు.

కంపెనీకి ఎనిమిది నెలలు. నాకు పావుగంట! స్విట్జర్లాండ్‌వాళ్ల మీద జాలేసింది.

అమల వచ్చేసరికి ఇద్దరం జపమాల ప్రార్థనలో మూడో దేవరహస్యం దగ్గర ఉన్నాం.

మార్చి 3, మంగళవారం

వన్ టౌన్‌లో నేను పనిచేసే కొట్టులో లెక్కలు రాస్తుంటే అమల ఫోన్. ఏడుస్తోంది. "అమ్మ నాడి పడిపోతోందంట. త్వరగా రండి."

ఇంటికి వెళ్లేసరికి గది నిండా జనం. ఫాదర్ గారు అవస్థ అభ్యంగనానికి, పోయేవాళ్లకి పూసే తైలం తెచ్చారు. నిన్నటికంటే పొద్దున తక్కువ, పొద్దుటికంటే మధ్యాహ్నం తక్కువ అని అత్తగారే లెక్క చెప్పి, తానే ఫాదర్‌ను పిలిపించారట. పట్టుచీర పక్కింటి బుల్లెమ్మకి ఇచ్చేశారు. సమాధి దగ్గర ఎవరు ఏ పాట పాడాలో కూడా చెప్పేశారు.

మంచం పక్కన కూర్చున్నాను. దుప్పటి మీద వాచీ. నా ఫోన్లో సెకన్లు చూశాను. వాచీ ముల్లు చూశాను. మళ్లీ ఫోన్.

వాచీ పరుగెత్తుతోంది! నూనెకు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. దాని నిమిషం మన నలభై సెకన్లే. ఆ పొట్టి నిమిషంలో ఏ గుండె మాత్రం ఎన్నిసార్లని కొట్టుకుంటుంది?

నేను నలుగురి ముందు నోరు విప్పింది నా పెళ్లిలో. అదీ ఒక్క మాట.

"ఫాదర్... వాచీ తొందరపడుతోందండీ."

ఫాదర్ గారు తైలం పక్కన పెట్టి, తన ఫోన్ చూస్తూ ఆవిడ నాడి పట్టారు. "భేషుగ్గా ఉందమ్మా," అన్నారు.

అత్తగారు ఒక కన్ను తెరిచారు. "అయితే నేను పోవట్లేదా?"

"లేదండీ."

"మరి చీర ఇచ్చేశానే!"

బుల్లెమ్మ అప్పటికే గుమ్మం దాటింది.

అమల నావైపు చూసింది. "విప్పారా?"

"చాకుతో," అన్నాను.

మార్చి 6, శుక్రవారం

అమల మూడు రోజులుగా మాట్లాడటం లేదు. మౌనం నా సొత్తు అనుకునేవాణ్ణి. ఆమె దగ్గర ఇంకా ఎక్కువ నిల్వ ఉంది.

అత్తగారే తేల్చారు. "కంపెనీకే పంపండి. నేనిప్పుడప్పుడే పోనని ఫాదర్ ముందే తేలిపోయిందిగా. ఎనిమిది నెలలు కాదు, ఏడాదైనా కూర్చుంటా."

పంపాను. 'ఇతరులెవరైనా తెరిచారా?' అని ఫారంలో ఉంది. అవును అని రాశాను. 'ఎవరు?' అన్నచోట ఇంగ్లీషులో 'అల్లుడు' అని రాశాను.

తపస్కాలం ఇంకా సగం పైన ఉంది. ఈ రోజు నుంచి మళ్లీ మొదలు! స్క్రూడ్రైవర్, చాకు, సూది, నూనె: ఏదీ ముట్టను. ఈసారి పూర్తి జాబితా రాసి అమలతో సంతకం చేయించుకున్నాను.

వాచీ వచ్చేదాకా నాడి సంగతి? దానికీ అత్తగారే దారి చెప్పారు. రోజూ పొద్దున్నే నేను ఎదురుగా కూర్చుని సెకన్లు పైకి లెక్కపెట్టాలి, ఆవిడ నాడి చూసుకుంటారు. ఇది శిక్ష కాదని ఆవిడ అంటారు. నేను ఏడాదిలో మాట్లాడే మాటలు వారంలో అయిపోతాయి.

ఈ రోజే మొదలుపెట్టాను. త్వరగా ముగించి కొట్టుకు పోవాలి.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

అత్తగారు నాడి మీంచి వేలు తీసేశారు.

"నెమ్మదండీ అల్లుడుగారూ. మళ్లీ చంపేస్తారు నన్ను."